మంచాలు మారుండ్రి

డెబ్బైల్లో మస్కట్ హమ్రియాలో మా రూమ్‌లో, అందరం పెద్దన్న అని పిలిచే కార్పెంటర్‌కు మనుషుల్ని కలపడమంటే పిచ్చి. ఎవరు కొట్లాడుకున్నా "మంచాలు మారుండ్రి" అనేవాడు. ఒకరి మంచం మీద ఇంకొకరు కూర్చుని, అవతలివాళ్లలాగే మాట్లాడాలి.

మా బావ కూడా అదే రూమ్. సెలవుకు ఊరెళ్లి, అక్కను చెప్పుతో కొట్టి వచ్చాడు. ఆ సంగతి అమ్మ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్‌లో విని, ఇనుప రాడ్డు పట్టుకుని ఆయన మీదికి పోయాను.

పెద్దన్న రాడ్డు లాక్కున్నాడు. అక్కకు అక్కడ మంచం లేదు కాబట్టి, బావను నా మంచం మీద కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వు ఈని అక్కవు. ఏమైందో చెప్పు."

బావ ముందు నవ్వాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. "కూరల ఉప్పెక్కువైందని, పోరగాండ్ల ముందట నన్ను..." అంటూనే లుంగీ అంచుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

"కోపం చల్లారిందా తమ్మీ?" అన్నాడు పెద్దన్న.

"లేదు. మల్ల మొదటి సంది చెప్పుమను."

ఆయన రాడ్డు నా చేతికిచ్చాడు. "గట్లయితే గిదే నయం. దీని దెబ్బ ఒక్కసారితోనే అయిపోతది."

రాడ్డు మూలకు పెట్టి, బావ ఎదురుగా కూర్చున్నాను.

"మొదలువెట్టు బావా."