మా గొర్రెలు, ఆమె గేదెలు, డాక్టర్ గారు

పోయిన సోమవారం షేక్‌పేట నుంచి పాలామె ఫోన్ చేసింది. "డాక్టర్ సాబ్ పోయిండు సార్. పగటిపూట అన్నం తిని పండుకున్నడంట. మళ్ల లేవలే" అంది. తర్వాత ఆమే, "తిప్పలు పడలే. గంతే చాలు" అంది. నాకూ అదే అనిపించింది. ఎనభై దాటిన మనిషి మంచాన పడకుండా వెళ్లిపోయారు. దుఃఖం కంటే ముందు ఊరట కలిగిందని చెప్పడానికి నేను సిగ్గుపడను. ఆయన వల్ల నాకు దక్కింది కూడా ఊరటే.

ఆయన పశువుల డాక్టరు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై మధురానగర్‌లో ఉండేవారు. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. షేక్‌పేట పాత ఊళ్లో మాత్రం ఇంకా కొన్ని గేదెల కొట్టాలు మిగిలి ఉండేవి. కొత్త అపార్ట్‌మెంట్లలో దిగిన సాఫ్ట్‌వేర్ వాళ్లు అక్కడి పాలే పోయించుకునేవాళ్లు. ఆ కొట్టాలన్నిటికీ డాక్టర్ గారు స్కూటర్ మీద తిరిగేవారు. పశువును ముట్టుకునే ముందు దానికి చెప్పడం ఆయన అలవాటు. "అమ్మా, జర చెయ్యి పెడుతున్న" అని, అది తల తిప్పి చూశాకే ముట్టుకునేవారు.

నేనప్పుడు కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటూ సినిమాలకు ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసేవాణ్ణి. ఫిల్మ్‌నగర్‌లో పల్లెటూరి సెట్ వేసి పాట తీయాలనుకున్నాం. దానికి గొర్రెల మంద కావాలన్నారు. తెప్పించాను. తీరా హీరో గారి డేట్లు వెనక్కి జరిగాయి. ముప్పై గొర్రెల్ని, పిల్లలతో సహా, ఎక్కడ పెట్టాలో తోచక పాలామె కొట్టంలో చోటు అడిగాను. భర్త పోయాక ఎనిమిది గేదెల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి ఆమె. "ఉండనియ్ సార్, నోరు లేని జీవాలు" అంది. అవి గేదెల గడ్డే తిన్నాయి, గేదెల తొట్టిలోనే నీళ్లు తాగాయి. చూస్తుండగానే నెల దాటింది.

ఒకరోజు పొద్దున్నే వెళితే ఒక గేదె మేత ముట్టకుండా నిలబడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ముక్కు నుంచి చిక్కగా కారుతోంది. రెండు కళ్ల మీదా పాలపొర కమ్మినట్టు తెల్లబారింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు గాలికుంటు అన్నారు, ఇంకొకరు అన్నిటినీ ఊడ్చుకుపోయే రోగం అన్నారు. పాలామె మిగిలిన ఏడింటి ముక్కులూ ఒక్కొక్కటే చేత్తో తడిమి చూస్తోంది.

డాక్టర్ గారు వచ్చి గేదె నోరు తెరిచి చూశారు, గిట్టలు చూశారు. లేచి నిలబడి కొట్టమంతా ఒకసారి కలయజూశారు. "గీ గొర్లు ఎవరివి?" అన్నారు.

"మావేనండీ. షూటింగ్‌కి తెచ్చాం. కానీ వాటికి ఏ రోగమూ లేదండీ, శుభ్రంగా ఉన్నాయి."

"వాటికేం కాదు. గొర్రె ఈ రోగం పురుగును ఒంట్ల పెట్టుకొని ఏండ్లు తిరుగుతది, తుమ్మనన్న తుమ్మదు. పక్కనున్న బర్రెకు తగిలితే మాత్రం కళ్లు పోతయ్, ప్రాణం పోతది." గేదె వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "మోసేదానికి నొప్పి తెల్వదు. తగిలినదానికే తెలుస్తది."

ఆ మాట గొర్రెల గురించే అన్నారు. నాకు మాత్రం నన్నే అన్నట్టు తగిలింది.

రక్తం తీసి ల్యాబ్‌కి పంపించారు. గొర్రెల్ని ఆ పూటే అక్కణ్ణుంచి తీసేయమన్నారు. నేను సినిమా ఆఫీసుకి ఫోన్ చేశాను. "తీసెయ్. కానీ గొర్రెల వల్లే వచ్చిందని ఎవరికీ చెప్పకు. మన మీదికొస్తుంది" అన్నారు అవతల. డాక్టర్ గారు తొట్టి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నారు. ఆయన దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "ఆమెకి మీరే ఎలాగోలా చెప్పండి" అన్నాను.

"రోగం సంగతి నేను చెప్త. గొర్లు తెచ్చిన సంగతి నువ్వే చెప్పాలె. తెల్వక చేసినవ్, అది తప్పు కాదు. తెలిసినంక దాస్తే తప్పు."

వెళ్లి చెప్పాను. ఆమె గొర్రెల వైపు చూసింది. "వాటికి తొట్టి నింపింది నేనే గద సార్. నాకూ తెల్వకపాయె" అంది. తర్వాత డాక్టర్ గారి వైపు తిరిగి, "మిగిలినయి బతుకుతయా అన్నా? అది చెప్పు" అంది.

"ఇది దక్కదు చెల్లె. నీకు అబద్ధం చెప్ప. కానీ ఈ రోగం బర్రె నుంచి బర్రెకు అంటదు. గొర్ల నుంచి ఇప్పటికే ఇంకోదానికి తగిలిందో లేదో నాకు తెల్వదు. రెండు మూడు నెలలు చూడాలె. నేనొస్త."

గొర్రెల్ని ఆ పూటే అక్కణ్ణుంచి తరలించాను. మూడో రోజున ఆ గేదె పోయింది. పోయేదాకా ఆయన దాని కళ్ల మీద తడిగుడ్డ వేసి ఎండ పడకుండా చూశారు. ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం కూడా ఆయన చెప్పిందే చెప్పింది. గొర్రెల సంగతి చెప్పేసినందుకు నన్ను ఆ సినిమాలోంచి తీసేశారు. ఖాళీగా ఉన్నాను కాబట్టి రోజూ పొద్దున్నే కొట్టానికి వెళ్లేవాణ్ణి. ఆయన ఏడు గేదెలకూ జ్వరం చూస్తుంటే నేను నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. అపార్ట్‌మెంట్ల వాళ్లు భయపడి పాలు మానేశారు. ఈ రోగం మనుషులకు రాదని ఎంత చెప్పినా వినలేదు. డాక్టర్ గారు వాళ్ల గేటు దగ్గరే అరుగు మీద కూర్చుని, ఆ పాలతో పెట్టిన చాయ్ తెప్పించుకుని వారం రోజులు తాగారు. ఎవరితోనూ వాదించలేదు. ఎనిమిదో రోజున ఒకామె గిన్నె పట్టుకుని దిగివచ్చింది.

మధ్యలో ఒకసారి ఒక గేదెకు జ్వరం తగిలింది. ఆ రెండు రోజులూ పాలామె అన్నం తినలేదని ఆమె పెద్దకూతురు చెప్పింది. మూడో పొద్దున డాక్టర్ గారు దాని కనురెప్పలు ఎత్తి చూసి, "పొదుగు వాచింది చెల్లె. గంతే. ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆమె గోడకు చేరగిలబడి కిందికి జారి కూర్చుంది. నేను బయటికి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

తర్వాత వేరే కంపెనీల్లో పని దొరికింది. ఏ సినిమాకి జంతువులు కావాలన్నా ముందు ఆయనకే ఫోన్ చేసేవాణ్ణి. "ఏం తెస్తున్నవో తర్వాత చెప్పు. ఎవరి పక్కన కడుతున్నవో ముందు చెప్పు" అనేవారు. ఇప్పటికీ ఎక్కడ పశువును కట్టినా నా కళ్లు ముందు పక్కనున్నదాన్ని చూస్తాయి.

ఆయన్ని తలుచుకుంటే, గేదెల్ని కనిపెట్టుకున్న మూడు నెలలూ నిండిన రోజే కళ్ల ముందుకొస్తుంది. బస్తీవాళ్ల భయానికి అన్నాళ్లూ కొట్టంలోనే ఉంచిన ఏడు గేదెలనూ పాలామె తాళ్లు విప్పి వదిలింది. అవతలి ఖాళీ జాగాలో కొత్త గడ్డి మొలిచింది. మధ్యలో రోడ్డు, ఆఫీసులకు వెళ్లే వేళ, వరుసగా క్యాబులు. డాక్టర్ గారు నడిరోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తి నిలబడ్డారు. హారన్లు మోగాయి, ఆయన కదల్లేదు. ఏడు గేదెలూ ఎవరినీ పట్టించుకోకుండా, ఒకదాని వెనక ఒకటి, పొట్టలు ఊపుకుంటూ ఆయన ముందు నుంచి దాటిపోయాయి.