మాల తీయని యాకయ్య

శబరిమల పోయి వచ్చినవాళ్లంతా మాలలు తీసి, ఆ సాయంత్రమే కరువు తీరా తాగారు. యాకయ్య ఒక్కడే తీయలేదు. మాఘం వచ్చింది, నల్లబట్టలు వెలిసి బూడిదరంగుకు తిరిగాయి, మెడలో మాల మాత్రం అట్లాగే ఉంది.

వరంగల్ మిర్చి మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ అతను. ఏటా మాల వేసినన్నాళ్లు చుక్క ముట్టడు, తీసిన రోజే మొదలుపెడతాడు. మొగవాళ్ల భక్తి అంతవరకే. పోయినేడు అట్లా మొదలుపెట్టి రక్తం కక్కుకున్నాడు. భార్య కట్టమ్మ దవాఖానలో గంజి తాగించి, మనిషి లేచి నిలబడ్డాక ములుగులో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. పోతూ తిట్టలేదు. తిట్టి ఉంటే మళ్లీ వస్తుందన్న ఆశన్నా ఉండేది.

అందుకే ఈసారి మాల తీయాలంటే భయం. మెడలో మాల ఉంటే ఎవరూ గ్లాసు చేతికివ్వరు. పక్కన కూర్చోరు కూడా. పని దిగగానే జట్టువాళ్లు "స్వామీ, మేం పోయొస్తం" అని దండం పెట్టి మరీ వైన్ షాపుకు పోయేవాళ్లు. చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్లు కూడా పేరు పెట్టి పిలవడం మానేశారు. ఇంటికి పోతే ఆ 'స్వామీ' అనే దిక్కూ లేదు.

తాగుడు మానినవాళ్లు ఆదివారం సాయంత్రాలు హన్మకొండలో ఒక చర్చి బడి గదిలో కూడతారని నర్సు శోభారాణి దవాఖానలోనే చెప్పింది. అడ్రస్ సగమే గుర్తుంది. మాల వేసుకుని తాగుబోతుల మీటింగ్ ఎక్కడని అడిగేదెట్లా? ఒట్టి మీటింగ్ అని అడిగాడు. పాన్‌డబ్బా అతను ఇన్సూరెన్స్ ఏజెంట్ల మీటింగ్‌కు పంపాడు. అక్కడ సమోసా చేతిలో పెట్టి పాలసీ అంటగట్టబోయారు. చివరికి చాయ్ బండి పూలమ్మ మొహం చూసి కనిపెట్టింది.

"తాగుడు మానేటోళ్ల కోసమేనా స్వామీ? గా బడి ఎనుక మెట్లెక్కు. తాగంగ లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అంది.

లోపలికి పోతే అందరూ లేచి నిలబడ్డారు. మీటింగ్ నడిపే వెంకట్రాజం, రిటైరైన బస్సు కండక్టర్, తన కుర్చీ ఇచ్చి రెండు మంచి మాటలు చెప్పమన్నాడు. స్వామి దీవించడానికి వచ్చాడనుకున్నారు పిచ్చివాళ్లు. నేనూ తాగుబోతునే అంటే మాలకు అపచారం. దేవుడు చల్లగా చూస్తాడని ఏదో గొణిగి, వాళ్లు కాళ్లు మొక్కుతుంటే దొంగలా మెట్లు దిగాడు. తనలాంటివాళ్లు అంతమంది ఉన్న గదిలోంచి కూడా ఒంటిగానే బయటికి వచ్చాడు.

మర్నాడు పొద్దున గురుస్వామి పాండురంగం దగ్గరికి పోయి మాల తీయమన్నాడు. ఇన్నొద్దులు ఎందుకుంచుకున్నావని ఆయన అడిగాడు.

"తీస్తే తాగుత, గురుస్వామీ."

"దేవుణ్ని కావలి పెట్టుకున్నవా రా? ఎన్నాళ్లని నిలబడతడు?" అని మాల తీశాడు.

ఆ వారమంతా జట్టువాళ్లు పిలవడమే. "యాకన్నా, ఇగ స్వామివి కాదు గద, దా." పేరు పెట్టి పిలిచారని గుండె కరిగింది, కాళ్లు వాళ్ల వెంట కదిలాయి. గొంతులో మిరపఘాటు మండుతోంది. దారిలో నల్లా కనబడితే దాని కింద తల పెట్టి, కడుపు నిండా నీళ్లు తాగి, వెనక్కి తిరిగాడు.

ఆదివారం ఆ గదిలో అతన్ని చూసి ఎవరూ లేవలేదు. వెనక బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చాక నోరు విప్పాడు.

"నా పేరు యాకయ్య. తాగుబోతును. పోయిన వారం మీతోని కాళ్లు మొక్కిచ్చుకున్నది నేనే."

నవ్వారు. వెంకట్రాజం పక్కకు వచ్చి కూర్చుని, ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరంటే, తన నంబర్ అతని ఫోన్‌లో ఎక్కించాడు.

మర్నాడు పని దిగి ఇంటికి వచ్చి, తలుపు తీసి, లోపలికి పోబుద్ధి కాక గడప మీద కూర్చుని యాకయ్య ఫోన్ చేశాడు.

"బువ్వ తిన్నవా?" అన్నాడు వెంకట్రాజం.

"వండుకోవాలె."

"వండుకో. ఫోన్ కట్ చెయ్యకు."

స్పీకర్ పెట్టి, ఫోన్‌ను పొయ్యి గట్టు మీద ఉంచి బియ్యం కడిగాడు. అవతల కుక్కర్ కూసింది, వెంకట్రాజం దగ్గాడు. కట్టమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో రెండో మనిషి చప్పుడు వినడం అదే మొదలు.