డక్టులో ఊపిరి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. బస్సులు లేవు. రాయదుర్గం నుంచి పుప్పాలగూడకు కుంటుకుంటూ నడిచి వస్తున్న యాదయ్య పక్కన ఒక కారు ఆగింది. అతను కాపలా కాసే అపార్టుమెంటు సెక్రటరీ రామ్మోహనరావుది ఆ కారు.

"ఎక్కవయ్యా. బస్సులాపింది మీవాళ్లేగా, నిన్నూ నడిపిస్తున్నారే."

"మావోళ్లు బస్సులే ఆపిన్రు సార్, కాళ్లు ఆపలే," అంటూ ఎక్కాడు యాదయ్య.

అతను వాచ్‌మన్లను పంపే ఏజెన్సీ ఆఫీసు నుంచి వస్తున్నాడు. సెక్రటరీ అడ్డు చెప్పకపోతే సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడని అక్కడ చెప్పేశారు. సంగతేమిటంటే, నాలుగో అంతస్తులో పైపులు దిగే డక్టులోంచి పది రోజులుగా చీకటి పడగానే ఒక చప్పుడు వస్తోంది. ఎవరో గొంతు నులుముతుంటే ఊపిరికి కొట్టుకుంటున్నట్టు, మధ్యలో పాము బుసలాగా. తమలాంటి కోస్తావాళ్లను బెదరగొట్టి ఇళ్లు ఖాళీ చేయించడానికి వాచ్‌మన్ చేస్తున్న పనేనని ఆ అంతస్తువాళ్లు తేల్చేశారు. యాదయ్య చొక్కాకు ఉద్యమం బ్యాడ్జీ ఉంది. అంతకంటే సాక్ష్యం ఎందుకు?

"అది గుడ్లగూబ పిల్లల కూత సార్. ఆకలికి అట్ల ఊపిరి గుంజుతయ్."

"గూబ అరుపు నాకు తెలియదా?"

"పెద్దదాని అరుపు అందరికీ ఎరుకే. పిల్లలది ఎవరిన్నరు?"

నిజమే. గూబ ఏ దిక్కున కూస్తే ఏం కీడో శకునం పుస్తకాలు వరసపెట్టి రాశాయి గానీ, దాని పిల్ల తిండి ఎలా అడుగుతుందో రాయాలని ఏ పండితుడికీ తోచలేదు. పాలమూరు వైపు పాడుబడ్డ ఒక దొర గడీలో మేకలు కట్టుకుని వానాకాలాలు గడిపిన యాదయ్యకు తెలుసు. మొదటిసారి విన్నప్పుడు అతనూ దయ్యమనుకుని గోడ దూకాడు. ఆ కుంటి నడక అప్పటిదే.

పొద్దు గుంకుతుండగా ఇద్దరూ మేడ మీదికి వెళ్లారు. డక్టు అంచున గూబ కక్కిన ముద్దను యాదయ్య పుల్లతో విప్పి, ఎలుక బొచ్చు, సన్నటి ఎముకలు చూపించాడు. అంతలో లోపలినుంచి ఆ ఊపిరి లేచింది. రామ్మోహనరావు అతని చెయ్యి పట్టుకున్నాడు. తెల్లటి పక్షి ఒకటి చప్పుడు లేకుండా ఎలుకతో దిగింది. ఊపిరికి కొట్టుకోవడం రెట్టింపై, ఆపైన సగానికి తగ్గింది.

"ఒకటి మింగింది సార్. ఇగ రెండోది ఏడుస్తున్నది."

ఫోను వెలుగులో రెండు తెల్లటి ముఖాలు పైకి చూశాయి. రామ్మోహనరావు నీళ్ల ట్యాంకు మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను గాదని జర ఏజెన్సీకి చెప్పుండ్రి సార్."

ఆయన ఫోను వెలుగు ఆర్పేశాడు. "గూబ దూరిన కొంపలో మావాళ్లెవరూ ఉండరయ్యా. కొనేవాడూ రాడు. ఇవి ఎన్నాళ్లుంటాయి?"

"రెక్కలొచ్చినయ్. వారంల పోతయ్."

"అయితే ఆదివారం మీటింగులో నువ్వే చేశానని ఒప్పుకో. మందలించి వదిలేశామంటాను. చప్పుడు ఎలాగూ ఆగుతుంది, నీ ఉద్యోగం ఉంటుంది."

"ఆంధ్రోళ్లను బెదిరిచ్చిన అని చెప్పాల్నా?"

"మాటవరసకేనయ్యా. నీదేం పోయింది?"

యాదయ్య మెడలోని విజిలు తీసి ట్యాంకు గట్టు మీద పెట్టాడు. మెట్లు దిగుతుంటే నాలుగో అంతస్తులో తలుపు సందులోంచి అక్కడుండే జయలక్ష్మి గారు, "ఎవరూ?" అన్నారు. యాదయ్య ఆగకుండా దిగాడు. గేటు పక్క గదిలోంచి సంచి తీసుకుని, నానక్‌రామ్‌గూడ దారిన కుంటుకుంటూ వెళ్లిపోయాడు.