నాచారం ఫిరోజా

ఈ రోజు హబ్సిగూడలోని ఒక జాతిరాళ్ల దుకాణంలో ఫిరోజా ఉంగరం కొనుక్కున్నాను. నీలమో ఆకుపచ్చో తేల్చుకోలేని ఆ రంగంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

దుకాణదారు "అసలు ఇరానీ ఫిరోజా అమ్మా" అంటూ ఉంగరం నా చేతిలో పెట్టాడు. వెంట వచ్చిన మా అమ్మాయి ఊరుకుంటుందా? ఫోన్‌లో చూసి అడిగేసింది.

"అంకుల్, దీన్ని ఇంగ్లిష్‌ల టర్కోయిస్ అంటరు. అంటే తుర్కీ రాయి అని అర్థమట. మరి ఇరాన్‌ది ఎట్లయితది?"

ఆయన నోరు తెరిచేలోపే మా నాచారం గల్లీలో ఉండే యాదమ్మ లోపలికి వచ్చింది.

"ఏంది జనగామక్కా, ఉంగరం కొంటున్నవా?"

దుకాణదారు ముఖం వెలిగిపోయింది. "అమ్మా, మీరుండేది జనగామల్నా?" అని నన్ను అడిగాడు.

"కాదు, నాచారంలనే. పుట్టింది జనగామల."

"మరి జనగామ పోతే ఏమని పిలుస్తరు?"

"నాచారమక్క," అని ఒప్పుకున్నాను.

ఆయన మా అమ్మాయి వైపు తిరిగాడు. "సూడు బిడ్డా! మీ అమ్మకే రెండూర్ల పేర్లున్నయ్. ఇరాన్‌ల పుట్టి తుర్కీ బజార్ల అమ్ముడువోయిన రాయికి ఉంటే తప్పేంది?"

మా అమ్మాయికి కూడా నవ్వాగలేదు. ఇక కొనక తప్పుతుందా?

ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే తట్టింది. నా ఊర్లు రెండూ నా నోటితోనే చెప్పించాడు గానీ, ఈ రాయి నిజంగా ఇరాన్‌దేనని రుజువు ఒక్కటీ చూపలేదు!

మీరుండే చోట మిమ్మల్ని ఏ ఊరి పేరుతో పిలుస్తారో చెప్పండి. నా ఉంగరం ఎక్కడిదని ఎవరైనా అడిగితే మాత్రం, ఇప్పుడది ఉండే ఊరి పేరే చెప్పి, నాచారం ఫిరోజా అంటాను.