తడిగుడ్డ కింద చేయి

మా అత్త మార్కెట్లో చేపలు కోస్తుంది. నోరు విప్పిందంటే ఆ వరసంతా దద్దరిల్లాల్సిందే. అయినా, బతికున్న చేప మీద కత్తి ఎత్తే ముందు దాని కళ్ల మీద తడిగుడ్డ కప్పడం మాత్రం ఎప్పుడూ మానదు. "పోయే ముందు నా మొహం చూడాల్సిన ఖర్మ దానికెందుకు?" అంటుంది.

కాలేజీకి సెలవని ఆరోజు నేనూ పక్కన కూర్చున్నాను. ఒకాయన బతికున్న ఆక్టోపస్ కొన్నాడు. అత్త అలవాటుగా దాని కళ్లు కప్పి, తల వేరు చేసింది. తర్వాత దాని ఎనిమిది చేతుల్లో ఒకదాన్ని కోసి పక్కన పెట్టబోతే, అది అత్త వేలిని చుట్టుకుని వదల్లేదు.

"తల తెగాక ఈ పట్టేంటే? జంతువుల చదువేగా నీది, చెప్పు!" అని నా మీద పడింది.

మనకైనా చేపకైనా మెదడు తలలోనే ఉంటుందనీ, అక్కడి నుంచి వెన్నులోకి నరాల తాడు దిగుతుందనీ చెప్పాను. ఆక్టోపస్‌కి మాత్రం నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. అందుకే తెగిన చేయి కూడా కాసేపు పట్టుకోగలదు.

"చేతికో బుర్రన్నమాట! మీ మామయ్యకి ఉన్న ఒక్కటీ పనిచేయదు," అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "మరి నన్ను పట్టుకున్నట్టు దీనికి తెలుసా?" అంది.

"అది ఇంకా ఎవరికీ తెలీదత్తా."

కొన్నాయన తొందరపెట్టాడు. "ఆగవయ్యా, కొంపలేం మునిగిపోవు!" అని కసిరి, కళ్ల మీది తడిగుడ్డ తీసి ఆ చేతి మీద కప్పింది.

అది తనంతట తాను వేలు వదిలేదాకా అత్త కత్తి ముట్టలేదు.