బంద్ రోజు కాకా ఇచ్చిన కణాలు

మా ల్యాబు కాకా పోయాడు. సోమవారం పొద్దున తార్నాక బస్టాపు దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆయన కొడుకు కాయిన్ బాక్స్ ఫోన్ నుంచి చెప్పాడు. ముందు నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆయనతో చెప్పాల్సిన నిజం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

కాకా యూనివర్సిటీలో మా ల్యాబు అటెండరు. కాన్పయిన తల్లులు ఒప్పుకుని ఇచ్చిన బొడ్డుపేగు రక్తాన్ని ఆస్పత్రి నుంచి సైకిల్ మీద తెచ్చేవాడు. గతుకులొస్తే దిగి నడిపించేవాడు. "పసిపిల్లల నెత్తురు బిడ్డా, కుదుపొద్దు" అనేవాడు. ఏళ్ల తరబడి చూసి చూసి మూలకణాలు వేరుచేయడం కూడా నేర్చుకున్నాడు. నేను వచ్చేసరికి ఆ కణాల గొట్టం నా టేబుల్ మీద ఉండేది.

ఆ కణాల్లోకి ఒక జన్యువును పంపడం నా పరిశోధన. రోగం తేకుండా చేసిన వైరస్ దాన్ని మోసుకెళ్తుంది. అది పట్టుకుని లోపలికి పోవడానికి కణం పైన గ్రాహకాలుండాలి. మూలకణాల మీద అవి మరీ తక్కువ. మూడేళ్లలో ఒకే ఒక్కసారి జన్యువు చాలా కణాల్లోకి వెళ్లింది. ఎగిరి గంతేశాను. మళ్లీ నాలుగుసార్లు చేసినా రాలేదు.

మా గైడు తలుపు వేసి అడిగారు. "ఆ అంకెలు నువ్వే రాసుకున్నావా?"

పది రోజుల్లో మళ్లీ చేసి చూపకపోతే థీసిస్ మరిచిపొమ్మన్నారు. బయటికొచ్చి కాకా మీద విరుచుకుపడ్డాను. సీసాలు సరిగ్గా కడగవన్నాను. నా కోపం ఎప్పుడూ అంతే, దొరికినవాళ్ల మీదకు పోతుంది.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "గట్ల ఒర్రకు. నీకు మంచిగొచ్చింది ఏ దినం?"

తేదీ చెప్పాను.

"గా దినం బంద్ ఉండె గద! నేను ఆస్పత్రికే పోలే. నైట్రోజన్ డబ్బల గడ్డకట్టిచ్చి దాసిన కణాలు తీసి, కరిగిచ్చి పెట్టిన. చీటీ గూడ పెట్టిన."

చీటీ నేను చూడనేలేదు. అడిక్‌మెట్ గది నుంచి నడిచొచ్చేదాన్ని, బంద్ కూడా గుర్తులేదు.

ఆ పూటే దాచిన కణాలతో మొదలుపెట్టాం. తొమ్మిదో రోజుకి ఫలితం వచ్చింది. గ్రాహకాలు కొలిస్తే, తాజా కణాల మీద కంటే వీటి మీదే ఎక్కువ.

"ఎట్లా తట్టింది నీకు?" అన్నారు గైడు.

"ఆలోచిస్తుంటే తట్టింది సార్."

నన్ను దొంగలా చూసిన మనిషి ముందు తెలివైనదాన్ని అనిపించుకోవాలనిపించింది. వైవాలోనూ అదే మాట చెప్పాను. నా డాక్టరేటు కాకా పెట్టిన భిక్ష, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

వైవా అయిన సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర కాకా అడిగాడు. "గా బంద్ ముచ్చట పెద్ద సార్లకు చెప్పినవా?"

"చెప్పిన కాకా. నీ పేరు గూడ చెప్పిన."

కాకా సైకిల్ తాళం తీసి, ఎక్కకుండా నడిపించుకుంటూ పోయాడు.

నిన్న మాణికేశ్వర్ నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. గదంతా చుట్టాలు. కాకా భార్య లేచొచ్చి, కోడలికి నన్ను చూపించింది.

"గీ అమ్మనే. మీ మామ పేరు పెద్ద సార్ల ముందట చెప్పిన బిడ్డ. కలిసినోళ్లందరికీ గదే చెప్పెటోడు."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె నా తల నిమిరింది. చుట్టాలు జరిగి దారిచ్చారు. కోడలు ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి కాకా ఫోటో పక్కనే వేసింది. అందరూ కింద కూర్చున్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను.