ఎత్తి పోసిన నీళ్లు

ఎనభైల్లో ఒక వేసవి సెలవుల్లో టెక్సాస్‌లో మోటర్‌హోమ్, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని తిరిగాం. ఓ చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లో మంచినీళ్ల కుళాయికి కాస్త అవతల, బండి టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే గుంత ఉంది. ట్యాంకు గొట్టం ముట్టుకోనని మా ఆయన సీట్లోనే భీష్మించుకు కూర్చున్నాడు.

"నావల్ల కాదు. గ్లవ్స్ వేసుకుని నువ్వే డంప్ చేసెయ్," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వెనక ఇంకో బండి ఎదురుచూస్తుంటే, గొట్టం తగిలించి, మురుగంతా వదిలి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. గొంతెండిపోయి గ్లాసుతో నీళ్లడిగాను.

"దోసిలి పట్టు," అంటూ చెంబు పైకెత్తి, నా చేతులకు తగలకుండా పోశాడు.

ఊళ్లో పాకీదొడ్డి శుభ్రం చేసే ఆవిడకు మా అత్తగారు అంత ఎత్తు నుంచే పోసేవారు. ఆవిడ తాగినట్టే నేనూ తల వంచుకుని తాగాను.